కథలోని రాక్షసుడు ఎలా నడవాలి?

పిల్లలూ! చీకటి పడ్డాక దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ వెళ్లే రోడ్డు మీద దుకాణాల బోర్డులను ఎప్పుడైనా శ్రద్ధగా చూశారా? బోర్డు అంచు వెంట ఎర్రటి వెలుగు చుక్క ఒకటి చుట్టూ పరుగెత్తుతూ ఉంటుంది. దగ్గరకు వెళ్లి చూడండి. అక్కడ పరుగెత్తే వస్తువంటూ ఏదీ లేదు. ఏ బల్బూ తన చోటి నుంచి కదలదు. ఒక బల్బు ఆరుతుంది, దాని పక్కది వెలుగుతుంది, అంతే. అయినా మన కళ్లకు వెలుగు పరుగెడుతున్నట్లే కనిపిస్తుంది.

ఈ చిన్న కనికట్టు మీదే ఒక పెద్ద కళ నిలబడి ఉంది. పాత అద్భుత నవలలు మన ముందు బొమ్మల సినిమాలుగా కదలడానికి మూలం ఇదే. అడవిలో పెరిగిన మోగ్లీ, కుందేలు బొరియలో పడిన ఆలిస్, లిల్లీపుట్‌లో చిక్కిన గలివర్, ఎన్నటికీ పెరగని పీటర్ పాన్ - వీళ్లంతా మొదట అక్షరాల్లోనే ఉండేవారు. అక్షరాల నుంచి తెర మీదికి వీళ్లెలా వచ్చారు? అందులో శాస్త్రం పాత్ర ఏమిటి? ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

కదలిక ఎక్కడ ఉంది?

సినిమా కదిలినట్లు కనిపించడానికి కారణం 'దృష్టి నిలకడ' అని మీరు చదివే ఉంటారు. ఒక బొమ్మ కంటి ముందు నుంచి తొలగిన తరువాత కూడా క్షణకాలం కంటిలో నిలుస్తుందని దాని అర్థం. ఇది నిజమే కాని పూర్తి సమాధానం కాదు. పాత బొమ్మ నిలిచి ఉండగానే కొత్త బొమ్మ వచ్చి కూర్చుంటే మనకు కనిపించవలసింది రెండు బొమ్మల కలగాపులగమే కదా! కదలిక ఎందుకు కనిపించాలి?

1912లో మాక్స్ వెర్థైమర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు దీనిని పరీక్షించాడు. ఆయన రెండు గీతలను వేరువేరు చోట్ల, ఒకదాని తరువాత ఒకటి చూపించాడు. రెండింటి మధ్య వ్యవధి సెకనులో అయిదో వంతు ఉన్నప్పుడు, ఒక గీత పోయి మరొకటి వచ్చినట్లు కనిపించింది. వ్యవధిని ముప్పయ్యో వంతుకు తగ్గిస్తే రెండూ ఒకేసారి ఉన్నట్లు కనిపించింది. సుమారు పదహారో వంతు ఉన్నప్పుడు మాత్రం ఒకే గీత అక్కడి నుంచి ఇక్కడికి జరిగినట్లు కనిపించింది! అంటే కదలిక తెర మీద లేదు. అక్కడొకటి, ఇక్కడొకటి కనిపించిన బొమ్మలను కలిపి, మధ్యలోని ప్రయాణాన్ని మన మెదడే పూరించుకుంటున్నది.

సినిమాలో సెకనుకు 24 బొమ్మలు చూపిస్తారు. బొమ్మల సినిమాలో చాలాసార్లు ఒక్కొక్క బొమ్మను రెండేసి సార్లు వాడుకుంటారు. అలా చేస్తే సెకనుకు 12 బొమ్మలు గీస్తే చాలు. ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. లూయీ కారల్ 1865లో ప్రచురించిన ఆలిస్ కథను వాల్ట్ డిస్నీ సంస్థ 1951లో బొమ్మల చిత్రంగా తీసింది. దాని నిడివి 75 నిమిషాలు. 75ను 60తో, ఆ వచ్చినదాన్ని 24తో హెచ్చించండి. 1,08,000 వస్తుంది. అందులో సగమే గీశారనుకున్నా 54,000 బొమ్మలు! ఒకే తెర మీద ముగ్గురు, నలుగురు పాత్రలుంటే వారిని వేరువేరు పారదర్శక రేకుల మీద గీస్తారు కనుక అసలు లెక్క ఇంకా పెరుగుతుంది.

రచయితకు లేని చిక్కు

"రాక్షసుడు నడిచి వచ్చాడు" అని రచయిత ఒక్క వాక్యం రాసి ముందుకు సాగిపోతాడు. మిగిలినదంతా చదివేవారి ఊహ చూసుకుంటుంది. బొమ్మలు గీసేవానికి ఆ వెసులుబాటు లేదు. రాక్షసుడి ఎత్తు ఎంత? అడుగుకూ అడుగుకూ మధ్య ఎంత సేపు? కాలు మోపినప్పుడు ఒళ్లు ఎంత కుంగుతుంది? వీటన్నింటికీ జవాబు తెలియకపోతే మొదటి బొమ్మ కూడా గీయలేడు.

ఇక్కడే మీ భౌతికశాస్త్రం పాఠం అక్కరకు వస్తుంది. లఘులోలకం గుర్తుందా? దారం పొడవు నాలుగు రెట్లు చేస్తే ఒక ఊపుకు పట్టే కాలం రెండు రెట్లవుతుంది. కాలం పొడవుకు వర్గమూలంగా పెరుగుతుందన్నమాట. మన కాలు అచ్చంగా లఘులోలకం కాదు. అయినా తుంటి నుంచి వేలాడుతూ ముందుకూ వెనక్కూ ఊగుతుంది కనుక ఇంచుమించు అదే నియమాన్ని పాటిస్తుంది.

మామూలు మనిషి తీరికగా నడిచేటప్పుడు ఒక అడుగుకు అర సెకను పడుతుందనుకుందాం. తెర మీద అది 12 చట్రాలు. మనిషికి నాలుగు రెట్లు ఎత్తున్న రాక్షసుడికి ఒక అడుగుకు ఒక సెకను, అంటే 24 చట్రాలు ఇవ్వాలి. అతనికి కూడా 12 చట్రాలే ఇస్తే ఏమవుతుంది? రాక్షసుడు కాస్తా రాక్షసుడి వేషం కట్టిన పిల్లవాడిలా కనిపిస్తాడు. చూసేవారికి లోలకం సూత్రం తెలియకపోవచ్చు. కాని ఏనుగు నడకనూ మేకపిల్ల నడకనూ పుట్టినప్పటి నుంచి చూస్తున్న కళ్లు మోసపోవు.

జానథన్ స్విఫ్ట్ 1726లో రాసిన గలివర్ కథలో లిల్లీపుట్ మనుషుల ఎత్తు మనలో పన్నెండో వంతు. పన్నెండుకు వర్గమూలం సుమారు మూడున్నర. కాబట్టి వారి అడుగు మూడు నాలుగు చట్రాల్లోనే పూర్తి కావాలి. చీమల్లా గబగబా నడవాలన్నమాట. గలివర్‌కు 1,728 మంది లిల్లీపుట్ వాసుల తిండి పెట్టాలని ఆ కథలోని రాజుగారి గణితజ్ఞులు లెక్క కడతారు. ఎందుకంత? గలివర్ వారికన్నా పన్నెండు రెట్లు పొడవు, పన్నెండు రెట్లు వెడల్పు, పన్నెండు రెట్లు మందం. మూడు పన్నెండ్లను హెచ్చిస్తే 1,728. స్విఫ్ట్ రాసింది కట్టుకథే అయినా లెక్క తప్పలేదు చూశారా!

ఈ కథను ఫ్లైషర్ సోదరులు 1939లో బొమ్మల సినిమా తీశారు. గలివర్ నిజం మనిషిలా బరువుగా కదలాలి, లిల్లీపుట్ వాసులు బొమ్మల్లా గంతులు వేయాలి. అందుకని ముందు ఒక నటుణ్ణి మామూలు కెమెరాతో చిత్రించారు. ఆ చిత్రాలను ఒక్కొక్కటిగా అద్దం మీద పడేలా చేసి, వాటి గీతల వెంబడి గలివర్‌ను గీశారు. ఈ పద్ధతిని రోటోస్కోప్ అంటారు. దీనిని కనిపెట్టినవాడు ఆ సోదరులలో ఒకడైన మాక్స్ ఫ్లైషర్. టోల్కీన్ నవల ఆధారంగా 1978లో రాల్ఫ్ బక్షీ తీసిన బొమ్మల చిత్రంలో కూడా ఈ పద్ధతినే విరివిగా వాడారు.

తోలుబొమ్మకు దూరపు చుట్టం

గీసిన బొమ్మలే కదలాలని లేదు. జర్మనీలో లోటె రైనిగర్ అనే చిత్రకారిణి నల్లని అట్టముక్కలను కత్తిరించి, కీళ్ల దగ్గర తీగలతో కలిపి బొమ్మలు చేసింది. వాటిని కింది నుంచి వెలుగు వచ్చే గాజు బల్ల మీద పరిచి, కొంచెం కొంచెం కదుపుతూ ఒక్కొక్క చట్రంగా ఫొటో తీసింది. మూడేళ్ల శ్రమతో అరేబియన్ నైట్స్ కథల నుంచి రాజకుమారుడు అహ్మద్ చిత్రాన్ని తయారు చేసి 1926లో ప్రదర్శించింది. నేడు మనకు దక్కిన నిండు నిడివి బొమ్మల చిత్రాలలో అదే అన్నిటికన్నా పాతది.

ఈ వర్ణన వింటుంటే మన తోలుబొమ్మలాట గుర్తుకు రావడం లేదూ? అనంతపురం ప్రాంతంలోని నిమ్మలకుంట కళాకారులు చేసే బొమ్మలకూ కీళ్లుంటాయి, వెనుక నుంచి దీపం వెలుగూ ఉంటుంది. భేదం ఒక్కటే. మన ఆటగాడు బొమ్మను అప్పటికప్పుడు ఆడిస్తాడు. రైనిగర్ దానిని సెకనులో ఇరవైనాలుగో వంతు చొప్పున ఆడించింది.

మన నగరంలో మోగ్లీ

ఇప్పుడు గీతల స్థానంలో కంప్యూటర్ వచ్చింది. ఈ పని మన హైదరాబాదులోనూ జరిగింది. రడ్యార్డ్ కిప్లింగ్ 1894లో ప్రచురించిన జంగిల్ బుక్‌ను ఇక్కడి డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ టెలివిజన్ ధారావాహికగా రూపొందించింది. 2010 నుంచి అది అనేక దేశాలలో ప్రసారమయింది. 2012లో వచ్చిన పీటర్ పాన్ కొత్త ధారావాహికలోనూ ఈ సంస్థకు భాగముంది.

జంగిల్ బుక్ ఒక్కొక్క భాగం సుమారు 11 నిమిషాలు. సెకనుకు 24 చొప్పున లెక్క కట్టితే 15,840 చట్రాలు. కంప్యూటర్‌లో ముందుగా పాత్ర ఆకారాన్ని తయారు చేస్తారు, లోపల ఎముకల గూడు అమరుస్తారు, ఆపైన కదలికలు ఇస్తారు. చివరకు ప్రతి చట్రంలోనూ ఏ వెంట్రుక మీద ఎంత వెలుగు పడుతుందో, ఏ ఆకు నీడ ఎక్కడ పడుతుందో కంప్యూటర్ లెక్క కట్టాలి. ఒక్కొక్క చట్రానికి 10 నిమిషాలు పడుతుందనుకోండి. ఒకే యంత్రం రాత్రింబగళ్లు పనిచేసినా 110 రోజులు కావాలి! అదే 100 యంత్రాలకు పంచి ఇస్తే ఒక రోజు దాటి రెండు మూడు గంటల్లో పని ముగుస్తుంది. అందుకే ఇటువంటి సంస్థలలో వరుసలు వరుసలుగా కంప్యూటర్లు ఉంటాయి.

తెలుగువారు తీసిన బొమ్మల చిత్రాలూ ఉన్నాయి. 2006లో 'కిట్టు' వచ్చింది. జాతీయ అవార్డు కూడా పొందింది. 2008లో సింగీతం శ్రీనివాసరావుగారు ఘటోత్కచుని బాల్యాన్ని బొమ్మల సినిమాగా తీశారు.

సినిమా చూస్తే పుస్తకం చదివినట్లేనా?

కాదు. దీనికి మంచి ఉదాహరణ జంగిల్ బుక్కే. డిస్నీ వారు 1967లో తీసిన చిత్రంలో కా అనే కొండచిలువ మోగ్లీని మింగాలని చూస్తుంది. పుస్తకంలో అదే కా, కోతుల చెర నుంచి మోగ్లీని విడిపించడానికి సాయపడుతుంది. చిత్రంలో బాలూ ఎలుగుబంటి పాటలు పాడుకుంటూ తిరిగే సోమరి. పుస్తకంలో అతడు అడవి న్యాయాన్ని బోధించే పెద్ద పంతులుగారు. చిత్రంలో కోతులకు ఒరాంగుటాన్ రాజు. పుస్తకంలో కోతులకు రాజే లేడు. నాయకుడు లేకపోవడమే వారి లోపమని కిప్లింగ్ చెప్పాడు.

శాస్త్రం దృష్టితో చూసినా ఇక్కడొక పొరపాటు ఉంది. ఈ కథ జరిగే సియోనీ అడవులు మధ్యప్రదేశ్‌లో ఉన్నాయి. ఒరాంగుటాన్లు బోర్నియో, సుమత్రా దీవుల్లోనే నివసిస్తాయి. సియోనీలో కనిపించేవి మామూలు కోతులూ కొండముచ్చులూ. బఘీరా విషయం మాత్రం సరైనదే. నల్లచిరుత వేరే జాతి కాదు. చర్మంలో నల్లరంగు పదార్థం ఎక్కువగా ఉన్న మామూలు చిరుతే. మంచి వెలుగులో దాని నలుపులోనూ మచ్చలు కనిపిస్తాయి. కిప్లింగ్ దీనిని గమనించి రాశాడు.

మార్పులు చేయడం తప్పని కాదు. పుస్తకం పది రోజులు చదువుతాం, సినిమా గంటన్నరలో ముగియాలి. కొంత తీసివేయక తప్పదు. కాని తీసివేసినదేమిటో, కలిపినదేమిటో తెలియాలంటే పుస్తకం చదివి తీరాలి. సినిమా మాత్రమే చూసినవారికి బాలూ ముఖం ఒక్కటే. చదివినవారికి తమ సొంత బాలూ కూడా ఉంటాడు.

చేసి చూడండి

పాత నోటుపుస్తకం మూలలో 9 పేజీల మీద ఒక బంతిని గీయండి. మొదటి బొమ్మ అన్నిటికన్నా వెనుక పేజీలో ఉండాలి. తరువాతి పేజీలలో బంతిని వరుసగా 1, 3, 5, 7, 9, 11, 13, 15 మిల్లీమీటర్లు కిందికి దించుతూ పొండి. మొత్తం 64 మిల్లీమీటర్లు. మరో పుస్తకంలో ప్రతిసారీ సమానంగా 8 మిల్లీమీటర్లు దించండి. మొత్తం అదే 64. ఇప్పుడు పేజీలను బొటనవేలితో వెనుక నుంచి ముందుకు గబగబా వదలండి. మొదటి బంతి నిజంగా పడుతుంది. రెండోది దారం కట్టి దించినట్లుంటుంది. పడే వస్తువు సమాన కాలవ్యవధుల్లో 1, 3, 5, 7 నిష్పత్తిలో దూరాలు పోతుందని గెలీలియో చెప్పిన నియమాన్ని మీ వేళ్లే రుజువు చేశాయి!

ఈసారి ఎల్.బి. నగర్ దాటి వనస్థలిపురం పక్కనున్న మహావీర్ హరిణ వనస్థలికి వెళ్లినప్పుడు ఒక నోటుపుస్తకం వెంట తీసుకువెళ్లండి. కృష్ణజింక ఎగిరినప్పుడు ముందుగా నేలను తాకేది ఏ కాళ్లో చూసి గీసుకోండి. 1942లో విడుదలైన 'బాంబి' చిత్రం తీసేటప్పుడు డిస్నీ చిత్రకారులు జింకపిల్లలను స్టూడియోకే తెప్పించుకుని గంటల తరబడి చూసి గీశారు.

దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లో యానిమేషన్ నేర్పుతామనే బోర్డులు చూసి "సార్, ఆ కోర్సులో చేరితే లెక్కలు, సైన్సు అక్కరలేదు కదా?" అని అడిగే పిల్లలున్నారు. పైన చెప్పిన లోలకం, వర్గమూలం, పడే బంతి లేకుండా ఏ రాక్షసుడూ నడవడని ఇప్పుడు మీకే తెలిసింది.

దాసరి సుబ్రహ్మణ్యంగారు 'తోకచుక్క' మొదలుకొని చందమామలో రాసిన అద్భుత ధారావాహికలు మీ అమ్మమ్మకో, తాతయ్యకో గుర్తుండే ఉంటాయి. అడిగి ఒక ఘట్టం చెప్పించుకోండి. అందులోని రాక్షసుడి ఎత్తు మీరే నిర్ణయించండి. అతని అడుగుకు ఎన్ని చట్రాలు కావాలో లెక్క కట్టండి. తరువాత పెన్సిలు చెక్కి మొదటి బొమ్మ గీయండి.