కొత్త కారులో పాత పాట

మానుకోట యని పెద్దలు నేటికిని పిలుచుకొను మా మహబూబాబాదులో, బ్రతుకమ్మ పండుగకు కొన్నాళ్లు ముందు మేమొక కొత్త కారు కొంటిమి. ఆ కారు రెండు రకములుగా దొరకుచుండెను. రెండింటికిని ఇంజను ఒకటే, చక్రములొకటే, రంగులును అవియే. పై రకమునందు పేరుమోసిన సంగీత పరికరమును, మఱికొన్ని చిల్లర వేడుకలును అదనముగా నుండెను. వెల మాత్రము లక్ష రూపాయలకు పైగా అధికము. ఆ లక్ష మేము రెండేండ్లు కట్టిన చిట్టీ సొమ్ము. మా ఇంటివారు వలదనిరి, మేమే పట్టుబట్టితిమి. కావున ఈ వ్యాసమున తప్పెవరిదో తేల్చవలసి వచ్చినచో మొదట మా పేరే వ్రాసికొనవలెను.

పట్టుబట్టుటకు కారణము లేకపోలేదు. మా అత్తగారు గతించి తొమ్మిదేండ్లైనది. ఆమె బ్రతుకమ్మ పాట యెత్తుకొన్నచో పొరుగు వీధివారు సైతము వచ్చి చప్పట్లు కలిపెడివారు. 1996వ సంవత్సరమున బంధువుల పిల్లవాడొకడు టేపురికార్డరు ముందుంచి ఆమెచేత నాలుగు పాటలు పాడించి క్యాసెట్టులో పట్టెను. ఆ క్యాసెట్టు డోర్నకల్లులో మా ఆడబిడ్డ పెట్టెలో భద్రముగా నున్నది. దాని నకలొకటి చేతులు మారి మారి మా సెల్‌ఫోనునకు చేరినది. ఫోనులోని సూదిబెజ్జము వంటి రంధ్రము గుండ వినిన ఆ గొంతు, పండ్రెండు స్పీకర్ల నడుమ కూర్చుండి వినినచో నెట్లుండునోయని మా యాశ.

కురవి వీరభద్రస్వామి సన్నిధిని కారునకు పూజ చేయించి, అటునుండి డోర్నకల్లు పోయి ఆడబిడ్డను ఎక్కించుకొని తిరిగి వచ్చుచుంటిమి. ఆమెను వెనుక సీటున కూర్చుండబెట్టి, ఏమియు చెప్పక పాట పెట్టితిమి. ముందుగా వినవచ్చినది పాట కాదు, గుమ్మను మ్రోత. చప్పట్లు రేకు పళ్లెములు తాకించినట్లుండెను. గొంతు బావి యడుగున నుండి వచ్చుచున్నట్లును, మధ్య మధ్య తలుపు అద్దము చెంత నెవరో గుసగుసలాడుచున్నట్లును వినిపించెను. ఆడబిడ్డ కొంతసేపు విని, “ఇది అమ్మ గొంతు కాదు వదినా, ఆపుము” అనెను. ఆపితిమి. మానుకోట చేరువరకు కారులో నెవరును మాటాడలేదు.

దుకాణములో విన్ననాడు ఇట్లు లేదు. ఇంజను ఆపిన బండి, మూసిన తలుపులు, చల్లని గది, అమ్మువారు తమ వెంట తెచ్చిన పాట. డోలు దెబ్బ గుండెలో తగిలినది, మేము మురిసిపోయితిమి. ఆ పాట ఆ పరికరమునకు కుదురునట్లు ఏరి తెచ్చినదని అప్పుడు తోచలేదు. పెండ్లిచూపులలో పిల్లచేత వచ్చిన పాటే పాడింతురు గదా!

ఇట్టి ఆశాభంగము మాకొక్కరికే కలిగినది కాదని తరువాత చదివి తెలిసికొంటిమి. బ్రిటిషువారి కాలమున చెరసాలపాలై పిదప అమెరికా చేరిన వంగదేశీయుడు నోనీ గోపాల్ బోసు. ఆయన కుమారుడు అమర్ బోసు 1929లో నచట జన్మించి, చిన్ననాడే వయొలిను అభ్యసించెను. ఎం.ఐ.టి. విద్యాలయమున ఉన్నత పరిశోధన ముగించు సమయమున, 1956లో, తనకు తానే బహుమానముగా నొక మంచి సంగీత పరికరము కొనెను. విద్యుచ్ఛాస్త్ర పండితుడు గనుక కాగితము మీది అంకెలన్నియు చూచియే కొనెను. ఇంటికి తెచ్చి వినగా అది వయొలిను వలె లేదు. అంకెలలో ఏ లోపమును లేదు, చెవికి మాత్రము నచ్చలేదు. ఆ చిక్కును విప్పబూనియే ఆయన 1964లో సంస్థ స్థాపించెను. 1983 నమూనా అమెరికా కార్లలో, ఆ కారు గదిని కొలిచి దానికి తగినట్లు తీర్చిన పరికరములను అమర్చెను. ఆయన సంస్థకును మా కారునకును సంబంధము లేదు. అంకెలు చూచి కొని చెవితో పశ్చాత్తాపపడుట పండితులకును తప్పలేదని చెప్పుటకే ఈ కథ.

సభామందిరములో కూర్చున్నవారికి గాయకుని కంఠము నేరుగా వచ్చునది కొంతయే. అధికభాగము గోడలకును పైకప్పునకును తగిలి చుట్టుప్రక్కల నుండి వచ్చును. బ్రతుకమ్మ చుట్టును తిరుగు స్త్రీల పాటయు నట్లే అన్ని దిక్కుల నుండి చెవిని చేరును. కారు గదియో, పందిరి మంచమంత చోటు. ఒక ప్రక్క అద్దము ధ్వనిని తిప్పికొట్టును, మఱియొక ప్రక్క మెత్తని సీటు దానిని మ్రింగును. ధ్వనిని బట్టలు మ్రింగునను సంగతి శాస్త్రమున కెక్కిన విధము వినదగినది. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమున నొక ఉపన్యాస మందిరములో మాట స్పష్టముగా వినబడకుండెను. వాలెస్ సాబైన్ అను యువ అధ్యాపకుడు దాని కారణము వెదకుచు, వేరొక నాటకశాల నుండి సీట్ల మెత్తలు రాత్రివేళల మోయించి తెచ్చి పరచి, ధ్వని యెంతసేపు నిలుచుచున్నదో కొలుచుచుండెను. కొంతకాలమునకు, తాను ధరించిన దుస్తులు మారినప్పుడెల్ల లెక్కయు మారుచున్నదని కనుగొనెను. అంతవరకు వ్రాసిన కొలతలు వేలకొలది పారవైచి, ఒకే జత దుస్తులతో మరల మొదలిడెను. ఒక మనుష్యుని కోటుకే ఇంత ప్రభావముండగా, ఐదుగురము పట్టుచీరలతోను పిల్లలతోను నిండిన కారులో, ఖాళీ బండిలో విన్న పాటయే వినిపింపవలెననుకొనుట మా అమాయకత్వము.

కూర్చుండు చోటును ముఖ్యమే. మన దేశమున కారు నడుపువారు కుడిప్రక్క నుందురు. కుడి తలుపులోని స్పీకరు వారి మోకాలి చెంతనే యుండును, ఎడమది అరమీటరు పైగా దూరము. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును గనుక ఎడమ ధ్వని సెకనులో వెయ్యవ వంతుకు మించిన ఆలస్యముతో చేరును. అల్పమనిపించును గాని, మన చెవులు అంతకంటె ఎంతో సూక్ష్మమైన భేదమును పట్టగలవు. అందుచేత పాట యంతయు కుడివైపునకే ఒరిగినట్లుండును. ఖరీదైన పరికరములలో దగ్గరి స్పీకరును కావలెనని కొంచె మాలస్యము చేయు యంత్రగణిత ముండును. అయితే ఆ సవరణ ఒక సీటునకు కుదిరినచో తక్కిన సీట్లకు కుదరదు. మా కారులో నది నడుపువారి సీటునకే కుదిర్చి యుండెను. నడుపునది మా ఇంటివారు. ఆయనకు పాటలయందు ఆసక్తి లేదు. వెనుక కూర్చుండునది ఇంటి ఆడువారును, పిల్లలును, ముసలివారును. లక్ష పెట్టి కొన్న మాధుర్యము వినదలపనివారి చెవికి చేరుచుండెనన్నమాట!

వాట్ల సంగతి కూడ చెప్పవలెను. అమ్మువారు వందల వాట్లని గొప్పగా చెప్పుదురు. వాట్లు రెండింతలైనచో శబ్దము రెండింతలు కాదు, కొంచెము పెరిగినట్లే తోచును. చెవికి రెండింతలుగా తోచవలెనన్న శక్తి సుమారు పదింతలు కావలెను. పైగా ఆ అంకె క్షణకాలము నిలుచు శిఖరమునకు చెప్పినదో, నిలకడగా నిచ్చు శక్తికి చెప్పినదో అడుగువారు లేరు. మేమును అడుగలేదు.

ఇక రోడ్డు. బండి కదలినతోడనే చక్రముల రొద పుట్టును. అందు మంద్రస్వరములే అధికము. అవి పాటలోని మంద్రమును మ్రింగివేయును. దానికి విరుగుడుగా మంద్రమును హెచ్చించి పెట్టుదురు. బండి నిలిచినప్పుడది గుమ్ముమని కొట్టును, కదలినప్పుడు పలుచనగును. జనగామ ప్రాంతపు మాణిక్యాపురమునకు చెందిన ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య 2017లో దివంగతుడయ్యెను. ఆయన కథ పెట్టి చూచితిమి. డోలు మీద మాట పొరలిపోయి, ఏ పదమును చెవికి అందలేదు. ఒగ్గు కథలో మాట అందనిచో మిగులునదేమి?

దుకాణమునకు పోయి చెప్పగా, వంద గంటలు వాయించినచో స్పీకర్లు తామే మెత్తబడి బాగగునని బదులు వచ్చెను. వంద గంటలలో స్పీకరు మారుట అల్పము. చెవి అలవాటుపడుట అధికము. అంతటితో మేము తిరిగి రాకపోవుట మంచిదైనది. మరమ్మతుశాలలోని యొక పడుచు, తెర మీది మీటలు ఒక్కొక్కటిగా నొక్కి చూపెను. చుట్టుముట్టు ధ్వనియను కృత్రిమ సవరణను తీసివేసినది, మంద్రమును సగము తగ్గించినది, సీటు గుఱుతును నడుపువారి నుండి అందరికిని మార్చినది. తరువాత వెనుక తలుపు మీద అరచేయి ఆనించి పాట పెట్టుమనెను. లోపలి బిరడా యొకటి వదులై తలుపు పలక తాను కూడ పాడుచుండెను! దానిని బిగించుటకు రొక్కమేమియు తీసికొనలేదు. గుసగుసలు అణగినవి. సగము దోషము తీరినది.

మిగిలిన సగము మాది. వరంగల్లు ఆకాశవాణి పెట్టి చూడగా వార్తలు చదువువారి గొంతు శుభ్రముగ నున్నది. ఎదుట కూర్చున్న మనిషి మాట్లాడినట్లే యుండెను. అట్లైనచో లోపము పరికరములో లేదు, మా పాటలోనే కలదు. ఫోను సందేశములలో పంపిన పాట, త్వరగా పోవుటకై, అనేక సూక్ష్మాంశములను విసర్జించి చిన్నదగును. ఒకరి నుండి ఒకరికి చేరుచు మరల మరల పొట్టు తీసినచో గింజయే మిగులదు. ఒక పారి పారవైచినది ఎన్ని స్పీకర్లు పెట్టినను తిరిగి రాదు. సూదిబెజ్జము వంటి రంధ్రము ఆ లోపమును దాచినది, పండ్రెండు స్పీకర్లు దానిని వెల్లడి చేసినవి.

డోర్నకల్లు క్యాసెట్టు మరల వెలికి వచ్చినది. ఆడబిడ్డ మొదట ఇయ్యనొల్లలేదు. టేపు తెగినచో ఏమి చేయుదురనెను. నిజమే. ఇరువది యేండ్లకు పైగా కదలని టేపు చుట్టలో చుట్ట అంటుకొని యుండును. పనివాడొకడు మంచి క్యాసెట్టు యంత్రము సంపాదించి, దాని తలను స్పిరిటుతో తుడిచి, క్యాసెట్టును మెల్లగా ఒక కొన నుండి మఱియొక కొనకు త్రిప్పి వెనుకకు చుట్టి, అప్పుడు పాట పెట్టెను. ఏ అంశమును విసర్జింపని పెద్ద నకలుగా దింపించి, బ్లూటూత్ కూడ నమ్మక, పెన్‌డ్రైవులో నెక్కించి కారునకు తగిలించితిమి.

టేపు బుస్సను చప్పుడు ముందుగా వచ్చినది. తరువాత గాజులు. ఆమె చేతి గాజులు చప్పట్లతో గలగలలాడుట ఫోనులో ఎన్నడును వినలేదు. రెండవ పాట నడుమ రైలు కూత వినవచ్చెను. ఆమె ఒక్క క్షణమాగి, కూత ముగిసిన పిదప పాట నందుకొనెను. ఆడబిడ్డ ముంగొంగు నోటికడ్డము పెట్టుకొనెను. ఈ మారు ఆపుమనలేదు.

కారు కొనబోవు సోదరీమణులు వినునపుడు అమ్మువారి పాటను కాదనుడు. మీ ఇంట నిత్యము వినెడి పాట తీసికొనిపోయి, మీరు కూర్చుండెడి సీటుననే కూర్చుండి, బండి రోడ్డు మీద పోవుచుండగా వినుడు. క్రింది రకమునందలి మామూలు పరికరమును కూడ అదే పాటతో వినుడు. మేమది చేయలేదు. మాటతో చెప్పిన గుణములను రసీదు మీదనో కాగితము మీదనో వ్రాయించుకొనుడు. లోపము కలిగి దుకాణమువారు సరిచేయకున్న, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2019 నాటి చట్టము ననుసరించి రెండేండ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషనునకు ఫిర్యాదు చేయుటయు కలదు. తలుపు విప్పి తీగెలు కోసి బయటి స్పీకర్లు బిగించుకొనుటకు ముందు హామీ పత్రము చదువుకొనుడు; ఒక తీగె కోసినంతనే హామీ పోవుటకు వీలున్నది.

చక్రముల రొద మాత్రము తగ్గలేదు, తగ్గదు. అత్తగారి పాట వినవలెనన్నప్పుడు చెరువు కట్ట ప్రక్కన కారు నిలిపి, ఇంజను ఆపి, అద్దములు మూసికొని వినుచున్నాము. పై రకమునకిచ్చిన లక్షలో నేటికెంత వసూలైనదని మా ఇంటివారు ముందు సీటు నుండి అడుగుచుందురు. రెండవ పాటలో రైలు పోవువరకు మేము బదులు చెప్పము.