ఆ గోడ మీద కార్లు పరుగెత్తేవి!

ఎగ్జిబిషన్‌లో బావిలాంటి చెక్కగోడ మీద మోటార్‌సైకిల్ గిరగిరా తిరగడం చూసే ఉంటారు. అలాంటి గోడనే దాదాపు 29 అడుగుల ఎత్తున కాంక్రీటుతో పోసి, దానిమీద కార్లు వదిలితే? లండన్‌కి కాస్త దూరంలో, వేబ్రిడ్జ్ దగ్గర హ్యూ లాక్ కింగ్ అనే భూస్వామి సరిగ్గా అదే చేశాడు. దాని పేరు బ్రూక్‌లాండ్స్.

1905లో ఇటలీలో కార్ల పందేనికి వెళ్తే అక్కడ బ్రిటిష్ కారు ఒక్కటీ కనిపించలేదట ఆయనకి. కనిపించేదెలా? అప్పట్లో బ్రిటన్ రోడ్లమీద గంటకు 20 మైళ్లు దాటకూడదని చట్టం. అందుకే సొంత భూమిలోనే, కోడిగుడ్డు ఆకారంలో, 4.4 కిలోమీటర్ల ట్రాక్ మొదలెట్టాడు. ఖర్చు లక్షన్నర పౌండ్లకు చేరింది. డబ్బులు అడుగంటాయి, ఆయన ఆరోగ్యమూ దెబ్బతింది. అప్పుడు భార్య ఎథెల్ ఆ భారమంతా నెత్తినెత్తుకుంది. 1907 జూన్ 17న ప్రారంభోత్సవంలో కార్ల ఊరేగింపునకు ముందు నడిచింది ఆమె నడిపిన ఇటాలా కారే.

విచిత్రమేంటంటే, అదే ట్రాక్‌మీద ఆడవాళ్లకి పందెంలో పాల్గొనే వీల్లేదు! 1908లో ఒక్కసారి మహిళల పోటీ పెడితే ఎథెల్ రెండోస్థానంలో నిలిచింది. ఆ తర్వాత చాలా ఏళ్లు మళ్లీ తలుపులు మూసేశారు.

ప్రారంభమైన పదకొండు రోజులకే సెల్విన్ ఎడ్జ్ నేపియర్ కారులో 24 గంటలు ఏకబిగిన తిరిగి 1,581 మైళ్లు నడిపాడు. రాత్రంతా ట్రాక్ పక్కన ఎర్రలాంతర్లే దారి చూపాయి. 1913 ఫిబ్రవరిలో గంటలో వంద మైళ్లు దాటిన తొలి మనిషి పెర్సీ లాంబర్ట్. అదే ఏడాది అక్టోబరులో, అదే ట్రాక్‌పై, టైరు పగిలి చనిపోయాడు.

కాంక్రీటేమో ఏటేటా కుంగి గతుకులమయమైంది. ఆ గతుకుల మీదే 1935లో జాన్ కాబ్ నేపియర్-రెయిల్టన్‌ని గంటకు 143.44 మైళ్ల వేగంతో ఒక చుట్టు తిప్పాడు. విమానం ఇంజిన్ బిగించిన ఆ కారుకి ముందు చక్రాలకు బ్రేకులే లేవు! ఆ రికార్డుని ఎవరూ కొట్టలేదు, కొట్టే అవకాశమూ రాలేదు.

ఎందుకంటే 1939 ఆగస్టులో చివరి పందెం జరిగింది. తర్వాత యుద్ధం. ట్రాక్ నడిమధ్యనున్న విమాన కర్మాగారాలు ఆ స్థలమంతా ఆక్రమించేశాయి. 1940 సెప్టెంబరులో జర్మన్ బాంబులకి అక్కడ 80 మందికి పైగా కార్మికులు బలయ్యారు. 1946లో ట్రాక్‌ని వికర్స్ సంస్థకి అమ్మేశారు. వేలియంట్ బాంబర్ విమానం ఎగరడానికి రన్‌వే చాలక, 1951లో ఎత్తయిన గోడలో ఒక ముక్క కోసేశారు.

హ్యూ లాక్ కింగ్ 1926లోనే కన్నుమూశాడు. ఎథెల్ మాత్రం 1956 దాకా ఉంది. అంటే, ఆ కోత పడేనాటికి ఆమె బతికే ఉంది. మిగిలిన గోడ పక్కనే ఇప్పుడు మ్యూజియం. కాబ్ నడిపిన కారూ అందులోనే ఉంది.