ఈవీనా, హైబ్రిడా? ముందు పార్కింగ్ లెక్క తేల్చండి

షోరూంలో పక్కపక్కనే రెండు కార్లున్నాయి అనుకుందాం. రెండింటి ఎక్స్‌షోరూం ధరా 17 లక్షలే. ఒకటి పూర్తిగా బ్యాటరీ మీద నడిచే ఈవీ, రెండోది పెట్రోలు పోస్తే నడిచే స్ట్రాంగ్ హైబ్రిడ్. సికింద్రాబాద్ వాసి ఎవరైనా ఈ రెండింటిలో ఒకటి కొని తిరుమలగిరి ఆర్టీఏ ఆఫీసు పరిధిలో రిజిస్టర్ చేయిస్తే, మొదటిదానికి లైఫ్ టాక్స్ సున్నా. రెండోదానికి 18 శాతం చొప్పున 3 లక్షల 6 వేలు. బండి రోడ్డెక్కకముందే వచ్చిన తేడా ఇది.

ఈ తేడా చూసి ఈవీయే మేలని తేల్చేస్తే తొందరపాటే. పన్ను ఒక్కసారి కట్టేది, ఇంధనం ఖర్చు నెలనెలా వచ్చేది. ఆ నెలవారీ ఖర్చు కారు మోడల్ కంటే, రాత్రిపూట కారు ఎక్కడ ఆగి ఉంటుందన్న దాన్నిబట్టే ఎక్కువ మారుతుంది. లెక్కలు ఒక్కొక్కటిగా చూద్దాం.

పన్నులో ఎవరి వాటా ఎంత?

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి కొత్త ఈవీ విధానం అమలులోకి తెచ్చింది. బ్యాటరీ కార్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు నూటికి నూరు శాతం మాఫీ. 2020 నాటి విధానంలో సొంత కార్లకు మొదటి 5 వేల బండ్ల వరకే ఈ మాఫీ ఉండేది, కొత్త విధానంలో ఆ పరిమితి తీసేశారు. గడువు మాత్రం 2026 డిసెంబరు 31. ఈ ఉత్తర్వు బ్యాటరీ బండ్ల కోసం ఇచ్చింది, హైబ్రిడ్లకు కాదు. పోల్చి చూడాలంటే, ఉత్తరప్రదేశ్ 2024 జులైలో స్ట్రాంగ్ హైబ్రిడ్లకూ రిజిస్ట్రేషన్ పన్ను మాఫీ చేసింది.

దీనికి జీఎస్టీ తోడవుతుంది. ఈవీల మీద 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. హైబ్రిడ్ల మీద సెస్సుతో కలిపి 43 శాతం దాకా ఉండేది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారాక, నాలుగు మీటర్ల పొడవు దాటినవాటికి, 1200 సీసీ మించిన పెట్రోలు హైబ్రిడ్లకు 40 శాతమైంది. మన దగ్గర ఎక్కువగా అడిగే టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

మన 17 లక్షల కార్లకు దీన్ని వర్తింపజేద్దాం. ఈవీ ధరలో జీఎస్టీ సుమారు 81 వేలు. హైబ్రిడ్ ధరలో 4 లక్షల 86 వేలు. దానికి లైఫ్ టాక్స్ కలిపితే హైబ్రిడ్ కొన్నవారు కట్టే పన్ను 7 లక్షల 92 వేలు. పన్నులన్నీ తీసేసి చూస్తే కంపెనీకి దక్కే ధర ఈవీకి 16 లక్షల 19 వేలు, హైబ్రిడ్‌కి 12 లక్షల 14 వేలు. అంటే ఈవీ ఇంకా ఖరీదైన సరుకే. రెండూ ఒకే ధరకు కనిపిస్తున్నాయంటే అది పన్నుల చలవ. రేపు మాఫీ గడువు ముగిసి పొడిగింపు రాకపోతే, అదే ఈవీ మీద 3 లక్షలకు పైగా భారం పడుతుంది.

ఒక భ్రమ కూడా వదిలించుకోవాలి. ఈవీ లోను మీద కట్టిన వడ్డీకి లక్షన్నర దాకా ఆదాయపు పన్ను మినహాయింపు ఉందని ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. 80ఈఈబీ కింద వచ్చే ఆ మినహాయింపు 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే.

బీమాలోనూ చిన్న మెలిక ఉంది. ఈవీలకు థర్డ్ పార్టీ ప్రీమియంలో 15 శాతం, హైబ్రిడ్లకు ఏడున్నర శాతం రాయితీ అని 2022లో ప్రకటించారు. కానీ ప్రీమియం లెక్కగట్టేది మోటారు శక్తిని బట్టి. 65 కిలోవాట్లు దాటిన ఈవీకి ఏడాదికి 6,712 రూపాయలు. 1000 నుంచి 1500 సీసీ పెట్రోలు కారుకు 3,416. నెక్సాన్, క్రెటా ఎలక్ట్రిక్ లాంటివి 65 కిలోవాట్లు దాటినవే. రాయితీ పేరు ఈవీది, తక్కువ బిల్లు పెట్రోలు బండిది.

హైబ్రిడ్ అని రాసున్నవన్నీ హైబ్రిడ్లు కావు

కారు వెనక హైబ్రిడ్ అనే అక్షరాలుంటే సరిపోదు. మైల్డ్ హైబ్రిడ్‌లో చిన్న మోటారు ఇంజనుకు కాస్త చేయూతనిస్తుందంతే, కారును ఒంటరిగా లాగలేదు. మారుతి స్మార్ట్ హైబ్రిడ్ అని అమ్మేవి ఈ తరహావే. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో మోటారు ఒక్కటే కొంతదూరం కారును నడపగలదు. బ్రేకు వేసినప్పుడల్లా వచ్చే శక్తితోనూ, ఇంజనుతోనూ బ్యాటరీ నిండుతుంది. ప్లగ్గు పెట్టే పనే లేదు.

అయితే ఆ బ్యాటరీ చాలా చిన్నది. హైరైడర్‌లో ఉన్నది 0.76 యూనిట్ల బ్యాటరీ. నెక్సాన్ ఈవీలో పెద్దది 45 యూనిట్లు, దాదాపు 59 రెట్లు. అందుకే హైబ్రిడ్‌ను సగం ఈవీ అనడం కుదరదు. అది పెట్రోలును పొదుపుగా తాగే పెట్రోలు కారు. ఆ పొదుపు ఎక్కువగా కనిపించేది ట్రాఫిక్‌లో. ప్యారడైజ్ దగ్గర సిగ్నల్లో ఆగినా, తాడ్‌బండ్ దాటేదాకా అంగుళం అంగుళం కదిలినా ఇంజను చాలాసేపు ఆగే ఉంటుంది. ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫారం రోడ్డు దాకా 5.32 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. అది పూర్తయి వాడుకలోకి వచ్చేదాకా ఆ దారిన వెళ్లేవారికి హైబ్రిడ్ గుణం బాగా తెలిసొస్తుంది.

కంపెనీ చెప్పే మైలేజీలు ల్యాబు లెక్కలు. హైరైడర్, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు లీటరుకు 27.97 కిలోమీటర్లు, హైక్రాస్‌కు 23.24. నగర వాడకానికి 20 వేసుకుంటే నిరాశ ఉండదు. ఈవీదీ అదే తీరు. నెక్సాన్ 45 యూనిట్ల కారుకు ధ్రువీకరణ పత్రంలో 489 కిలోమీటర్లు ఉంది. నిజ వాడకంలో 350 పైచిలుకు వస్తుందని టాటా కంపెనీయే చెబుతోంది. ఛార్జింగులో పోయే కరెంటును, ఏసీ వాడకాన్ని కలుపుకుని మీటరు దగ్గర యూనిట్‌కు 6 కిలోమీటర్లని లెక్క వేద్దాం.

నెలకు వెయ్యి కిలోమీటర్లు: బిల్లు ఎంత?

సికింద్రాబాద్ నుంచి హైటెక్ సిటీ దాదాపు 20 కిలోమీటర్లు. రానూపోనూ 40. నెలకు 24 రోజులు వెళ్తే 960. అందుకే వెయ్యిని కొలమానంగా తీసుకుందాం. లీటరు పెట్రోలు 107 రూపాయలని వేసుకుందాం.

మామూలు ఆటోమేటిక్ పెట్రోలు ఎస్‌యూవీ, లీటరుకు 12 కిలోమీటర్లు: 8,900 రూపాయలు.
స్ట్రాంగ్ హైబ్రిడ్, లీటరుకు 20 కిలోమీటర్లు: 5,350.
ఈవీ, బయట ఫాస్ట్ ఛార్జర్‌లో యూనిట్ 20 రూపాయల చొప్పున: 3,340.
ఈవీ, ఇంటి మీటరు మీద: దాదాపు 1,450.

చివరి అంకె ఎలా వచ్చిందో దగ్గరగా చూడాలి, ఎందుకంటే కరెంటు ధర అందరికీ ఒకటి కాదు. టీజీఎస్పీడీసీఎల్ గృహ శ్లాబుల్లో నెలకు 200 యూనిట్లు దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు 5.10, తర్వాతి నూటికి 7.70, ఆపై నూటికి 9 రూపాయలు, 400 దాటాక 9.50. ఇప్పటికే నెలకు 250 యూనిట్లు కాలుస్తున్న ఇంటికి కరెంటు ఛార్జీ 1,405. కారు కోసం 167 యూనిట్లు కలిస్తే మొత్తం 417 అవుతుంది, ఛార్జీ 2,851కి చేరుతుంది. తేడా 1,446. అంటే కారు తాగిన కరెంటు యూనిట్‌కు 8 రూపాయల 66 పైసలు పడింది.

నెలకు 150 యూనిట్లతో సరిపెట్టుకునే ఇంటికి మరో సంగతి. 200 దాటగానే కింది శ్లాబు మొత్తం పోతుంది. సరిగ్గా 200 యూనిట్లకు 820 రూపాయలైతే, ఒక్క యూనిట్ పెరిగితే 1,027. ఈవీ ఇంటికొచ్చిన నెలనుంచి ఆ ఇల్లు పై శ్లాబులోనే ఉంటుంది. అయినా కారు వాటా 1,363 మించదు. ఈవీ ఛార్జింగ్ కోసమే ఉన్న ఎల్‌టీ-9 కేటగిరీలో విడిగా కనెక్షన్ తీసుకుంటే యూనిట్ 6 రూపాయలు, నెలకు వెయ్యి రూపాయలు, ఫిక్స్‌డ్ ఛార్జీలు అదనం.

ఇంటిమీద సోలార్ పలకలున్నవారికి లెక్క ఇంకా మారుతుంది. 3 కిలోవాట్ల పలకలు రోజుకు దాదాపు 12 యూనిట్లిస్తాయి, నెలకు 360. అందులో సగం లోపే కారుకు సరిపోతుంది. పీఎం సూర్యఘర్ పథకంలో ఆ సైజుకు 78 వేల సబ్సిడీ ఉంది.

కారు నిద్రపోయే చోటు

ఇంటి మీటరుకు, బయటి ఛార్జరుకు మధ్య నెలకు 1,900 తేడా. కాబట్టి ప్రశ్న పార్కింగ్ దగ్గరికొస్తుంది. వెస్ట్ మారేడ్‌పల్లిలోనో సైనిక్‌పురిలోనో సొంత గేటు లోపల కారు పెట్టుకునేవారికి ఈవీ అంత సులువైనది లేదు. 15 ఆంపియర్ల సాకెట్‌లో గంటకు 3.3 యూనిట్లు ఎక్కుతాయి. రాత్రి తొమ్మిదికి ప్లగ్గు పెట్టి పొద్దున ఆరుకు తీస్తే దాదాపు 30 యూనిట్లు, 180 కిలోమీటర్లు. రోజుకు 40 తిరిగేవారికి వారంలో రెండు రాత్రులు చాలు. 7.2 కిలోవాట్ల ఛార్జర్ పెట్టించుకుంటే 45 యూనిట్ల బ్యాటరీ ఆరేడు గంటల్లో నిండుతుంది. దానికి మీటరు లోడ్ పెంచుకోవాలి.

అల్వాల్, బోయిన్‌పల్లి అపార్టుమెంట్లలో స్టిల్ట్ పార్కింగ్ ఉన్నవారికి పని ఉంటుంది, కానీ కుదరనిది కాదు. కింద మీటర్ల బోర్డులో మీ ఫ్లాటు మీటరు నుంచి మీ స్లాటు దాకా విడి కేబులు, ఎంసీబీ, మంచి ఎర్తింగ్ కావాలి. సొసైటీ సంతకం కావాలి. లిఫ్టు, మోటారు నడిచే కామన్ మీటరులోంచి కారు ఛార్జ్ చేస్తే మొదటి నెలే గొడవ, అది వద్దు.

బన్సీలాల్‌పేట, సీతాఫల్‌మండి సందుల్లో ఇంటి ముందు రోడ్డు మీదే కారు ఆపుకునేవారి సంగతి వేరు. గోడమీంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాగి ఛార్జ్ చేయడం ప్రమాదం. వారికి మిగిలేది బయటి ఛార్జరే. అప్పుడు హైబ్రిడ్‌తో పోల్చితే నెలకు మిగిలేది 2 వేలు, దానికోసం వారం వారం ఛార్జర్ దగ్గర ముప్పావుగంట చొప్పున కూర్చోవాలి.

పన్ను మాఫీ పోయి, ఈవీ ఆన్‌రోడ్ ధర హైబ్రిడ్ కంటే 2 లక్షలు ఎక్కువైందనుకోండి. ఇంట్లో ఛార్జ్ చేసేవారికి నెలకు 3,900 మిగులుతాయి కాబట్టి నాలుగేళ్ల మూడు నెలల్లో ఆ సొమ్ము తిరిగొస్తుంది. బయటే ఛార్జ్ చేసేవారికి ఎనిమిదేళ్లు దాటుతుంది.

విజయవాడ దారిలో

జాతీయ రహదారి 65 మీద విజయవాడ దాదాపు 270 కిలోమీటర్లు. నగరంలో ఆదా చేసే హైబ్రిడ్ హైవే మీద ఆ ఆధిక్యం కొంత కోల్పోతుంది, ఇంజను ఆగకుండా నడుస్తుంది కనుక. లీటరుకు 18 వేసుకుంటే 15 లీటర్లు, 1,600 రూపాయలు, మధ్యలో ఆగక్కర్లేదు. 45 యూనిట్ల ఈవీ వంద స్పీడులో పోతే బ్యాటరీ అడుగంటేసరికి విజయవాడ పొలిమేర వస్తుందేమో, అంత సాహసం ఎవరూ చేయరు. సూర్యాపేటలోనో కోదాడలోనో టిఫిన్ చేసేంతసేపు ఛార్జ్ పెట్టాలి. ఖర్చు మాత్రం సగం, 800 రూపాయలు. మామూలు రోజుల్లో ఇది ఇబ్బందే కాదు. సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరే రోజుల్లో ఛార్జర్ల దగ్గరా బారు తప్పదు. ఏడాదికి నాలుగైదుసార్లు ఊరెళ్లేవారు దీనికి భయపడక్కర్లేదు. వారంవారం నల్గొండ, ఖమ్మం జిల్లాలు తిరిగే వ్యాపారికి హైబ్రిడ్డే హాయి.

పొగ లెక్క

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023-24 లెక్క ప్రకారం మన గ్రిడ్‌లో యూనిట్ కరెంటుకు 0.727 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. వంద కిలోమీటర్లకు ఈవీ వాటా 12 కిలోలు. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోలు, కాబట్టి హైబ్రిడ్ వాటా 11.5. అంకెలు దాదాపు సమానం! కానీ పెట్రోలు శుద్ధి, రవాణాల్లో వెలువడేది ఇందులో లేదు. హైబ్రిడ్ పదేళ్ల తర్వాతా అంతే పొగ వదులుతుంది, గ్రిడ్‌లో సౌరవిద్యుత్తు పెరిగేకొద్దీ ఈవీ లెక్క తగ్గుతూ పోతుంది. పైగా ఈవీ పొగ ప్యాట్నీ సెంటర్లో బస్సు కోసం నిలబడ్డవారి ముక్కులోకి పోదు.

ఎవరికి ఏది?

ఇంట్లో లేదా అపార్టుమెంట్లో సొంత మీటరు మీద ఛార్జింగ్ ఉండి, నెలకు 800 కిలోమీటర్లు దాటి తిరిగేవారు ఈవీ కొనండి. బ్యాటరీకి సాధారణంగా 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఉంటుంది, ఆ గడువు నిండేదాకా కారు మీ దగ్గరే ఉంచుకునేలా కొనండి, పాత ఈవీలకు మార్కెట్లో ఇంకా మంచి ధర పలకడంలేదు.

ఛార్జింగ్ చోటు లేక, బాగా తిరిగేవారు స్ట్రాంగ్ హైబ్రిడ్ తీసుకోండి.

నెలకు 400 కిలోమీటర్లు కూడా తిరగనివారికి హైబ్రిడ్ దండగ. పెట్రోలు మోడల్ కంటే 3 లక్షలు ఎక్కువ పెట్టి నెలకు 1,400 ఆదా చేస్తే, ఆ సొమ్ము రాబట్టడానికి పదిహేడేళ్లు దాటుతుంది.

బుకింగ్ చేసే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి మీటరు లోడ్, పార్కింగ్ దాకా కేబులు దూరం చూపించండి. సొసైటీ అనుమతి కాగితం మీద తీసుకోండి. ఇంకో మాట. పన్ను మాఫీకి బుకింగ్ తేదీ లెక్కలోకి రాదు. 2026 డిసెంబరు 31 లోపు బండి కొని, రిజిస్ట్రేషన్ కూడా పూర్తి కావాలి. డెలివరీ ఆలస్యమయ్యే మోడలైతే ఆ 3 లక్షలు చేజారతాయి.