ఇల్లే దయ్యం: పో కథలు, కోర్మన్ చవక కోటలు

దయ్యం కనిపించని దయ్యం సినిమాకు డబ్బు పెట్టేవాళ్లు ఎక్కడైనా అరుదు. 1960లో అమెరికా దర్శకుడు రోజర్ కోర్మన్‌కు ఇద్దరు దొరికారు. అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ అనే చిన్న కంపెనీ నడిపే జేమ్స్ నికల్సన్, శామ్యూల్ ఆర్కాఫ్. వాళ్ల వ్యాపారం అప్పటిదాకా ఒకటే పద్ధతి. పదేసి రోజుల్లో రెండు బ్లాక్ అండ్ వైట్ సినిమాలు చుట్టేసి, రెండిటినీ ఒకే టికెట్టు మీద చూపించడం. ఆ రెండిటి డబ్బూ కలిపి ఒక్క సినిమాకు ఇవ్వండి, రంగుల్లో, సినిమాస్కోప్‌లో తీస్తాను, 15 రోజులు చాలు అన్నాడు కోర్మన్. కథ ఎడ్గర్ ఎలన్ పో 1839లో రాసిన ‘ద ఫాల్ ఆఫ్ ద హౌస్ ఆఫ్ అషర్’. రచయిత 1849లోనే చనిపోయాడు గనక హక్కులకు పైసా కట్టే పనిలేదు. స్కూల్లో చదివే కథలు గనక కుర్రకారుకు ఆ పేరు కొత్తా కాదు.

ఆర్కాఫ్‌కు ఒకటే అనుమానం. ఇంతకీ ఇందులో రాక్షసుడు ఎక్కడ? ఇల్లే రాక్షసుడు అని కోర్మన్ జవాబు. ఇల్లు బతికే ఉందనీ, ఊపిరి పీలుస్తోందనీ స్క్రిప్టులో ఒక డైలాగు ఉంది. షూటింగులో దాన్ని ఎలా పలకాలో తోచక హీరో విన్సెంట్ ప్రైస్ అర్థం అడిగాడు. ఆ మాట వల్లే మనకీ సినిమా దక్కింది అని చెప్పాడట కోర్మన్. ప్రైస్ ఇంకేమీ అడక్కుండా పలికేశాడు. ఇప్పుడు చూస్తే సినిమా మొత్తంలో మనసును పట్టుకునే మాట అదే.

ఆ కంపెనీ అప్పటిదాకా తీసినవాటిలో అతి ఎక్కువ ఖర్చు, అతి ఎక్కువ రోజులు ‘హౌస్ ఆఫ్ అషర్’కే అయ్యాయి. ఖర్చు సుమారు 3 లక్షల డాలర్లు. ఒకరికి చిల్లర ఖర్చు, మరొకరికి ఆస్తి తాకట్టు అన్నట్టు, పెద్ద స్టూడియోలకు ఆ మొత్తం లెక్కలోకే రాదు. సినిమా పెట్టుబడికి కొన్ని రెట్లు తెచ్చింది. 1964 పూర్తయ్యేలోపు పో పేరు మీద కోర్మన్ మొత్తం 8 సినిమాలు తీశాడు. 2005లో ‘హౌస్ ఆఫ్ అషర్’ను అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చుకుంది. ఈ ఎనిమిదింటి చుట్టూ పోగుపడ్డ విశేషాలు సినిమాలంత రుచిగా ఉంటాయి. పేదరికం కళను చంపుతుందనేది మనందరం వినే మాటే. ఇక్కడ అదే పేదరికం పో రాసిన ఊపిరాడని లోకాన్ని తెరమీదికి తెచ్చిందని నా నమ్మకం.

పైసా పెట్టకుండా దొరికిన అడవి

‘అషర్’ మొదట్లో ఒక యువకుడు గుర్రమెక్కి ఎండిపోయిన అడవిలోంచి ఆ పాడుబడ్డ ఇంటికి వస్తాడు. అలాంటి అడవి సెట్టు వేయాలంటే బడ్జెట్‌లో సగం దానికే పోయేది. సరిగ్గా అప్పుడే హాలీవుడ్ కొండల్లో కార్చిచ్చు రేగింది. సంగతి తెలియగానే కోర్మన్ నటుడు మార్క్ డామన్‌ను, కొద్దిమంది యూనిట్‌ను, పొగ యంత్రాన్ని వెంటేసుకుని అక్కడికి వెళ్లాడు. నేలంతా బూడిద. చెట్లన్నీ నల్లటి మోళ్లు. పచ్చదనం మచ్చుకైనా లేదు. దానిమీద కాస్త పొగమంచు పరిచి గుర్రాన్ని నడిపించారు. తెరమీద ఆ అడవి ఈ లోకంలోది కాదన్నట్టే ఉంటుంది.

కోర్మన్‌కు కావలసిందీ అదే. పో కథలన్నీ మనిషి మనసు లోపల జరుగుతాయని ఆయన నమ్మకం. అందుకే మామూలు ఆకాశం, గడ్డి, వీధి తెరమీదికి రాకూడదని నియమం పెట్టుకున్నాడు. స్టూడియో గోడల మధ్యే తీయడం డబ్బు లేక చేసిన పనీ అవును, ఆలోచించి చేసిన పనీ అవును.

క్లైమాక్సులో ఇల్లు తగలబడాలి. ఆరెంజ్ కౌంటీలో కూల్చెయ్యబోతున్న పాత కొట్టం ఒకటి ఉందని తెలిసి, దాన్ని రాత్రిపూట తగలబెట్టి తీశారు. మంటల్లో విరిగి పడే ఆ దూలాలు ఎంత బాగా వచ్చాయంటే, తర్వాతి పో సినిమాల్లోనూ అదే ఫిల్ము అతికించుకున్నారు. ఈ సిరీస్‌ను వరసగా చూసేవాళ్లకు ఆ దూలాలు పాత పరిచయస్తుల్లా ఎదురవుతాయి. ప్రపంచ సినిమాలో అన్నిసార్లు కాలిన కొట్టం ఇంకోటి ఉండకపోవచ్చు.

పెరుగుతూ పోయిన కోట

ఆర్ట్ డైరెక్టర్ డేనియల్ హాలర్ మొదటి సినిమాకు ఒక పెద్ద స్టూడియోలో మూలన పడున్న సెట్టు ముక్కలు కొన్నాడు. తలుపులు, తోరణాలు, మెట్లు, పొయ్యి గూళ్లు. అన్నిటికీ కలిపి అయింది 2,500 డాలర్లు. షూటింగ్ అయ్యాక పారేయలేదు, దాచాడు. రెండో సినిమాకు వాటికి కొన్ని కలిపాడు, మూడోదానికి ఇంకొన్ని. అలా ఖర్చు పెద్దగా పెరక్కుండానే కోట పెద్దదవుతూ వచ్చింది. 1963లో ‘ద రావెన్’ నాటికి ఆ హాళ్లు చూస్తే పెద్ద కంపెనీ సినిమా అనుకుంటాం.

ఆ సెట్టును కూల్చే ముందు జరిగిన కథ ఇంకా వింత. ‘రావెన్’ ముగుస్తున్న ఆదివారం వాన పడి టెన్నిస్ ఆట ఆగిపోయింది, ఇంట్లో కూర్చుంటే ఇంకో సినిమా ఆలోచన వచ్చింది అని కోర్మన్ చెప్పుకున్నాడు. సెట్టు ఉంది, వయసు మళ్లిన నటుడు బోరిస్ కార్లాఫ్ రెండు రోజులు దొరుకుతాడు. కథ పూర్తిగా లేదు. కార్లాఫ్‌ను ఆ రెండు రోజులూ తలుపులు తీయిస్తూ, మెట్లు దింపిస్తూ, నడవాల్లో నడిపిస్తూ చిత్రీకరించారు. మిగతాది తర్వాత చూసుకుందాం అనుకున్నారు. ఆ ‘తర్వాత’ దాదాపు 9 నెలలు సాగింది. ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా కొంత తీశాడు, మాంటీ హెల్మన్ కొంత, జాక్ హిల్ కొంత. ఆఖరికి హీరో జాక్ నికల్సన్ కూడా ఒకరోజు డైరెక్ట్ చేశాడు. అలా ‘ద టెర్రర్’ ఒకే సినిమాతో రెండు కొసల్నీ అందుకుంది. హాలీవుడ్‌లో అతి తొందరగా మొదలైనవాటిలో అది ఒకటి, కోర్మన్ సినిమాల్లో అతి సాగినవాటిలోనూ అది ఒకటి. కథ ఎవరికీ అర్థం కాదు. చూడమని గట్టిగా చెప్పను. కానీ ఆ ముసలాయన ఖాళీ నడవాల్లో ఒంటరిగా నడిచే షాట్లు మాత్రం వదలకండి.

కార్లాఫ్ ఇంకో రెండు రోజుల పని బాకీ ఉన్నాడు. కొన్నేళ్లకు కోర్మన్ దాన్ని పీటర్ బొగ్డనోవిచ్ అనే కుర్రాడికి అప్పగించాడు. ఈ రెండు రోజులు వాడుకో, ‘టెర్రర్’ ముక్కలు కొన్ని వాడుకో, మిగతాది నీ ఇష్టం అని. అలా పుట్టిన ‘టార్గెట్స్’ (1968)లో కార్లాఫ్ తన కాలం చెల్లిందని బాధపడే భయానక చిత్రాల నటుడి వేషం వేశాడు. ఆయన చివరి రోజుల్లో చేసిన అత్యుత్తమ పాత్ర అదేనని నేను ఎవరితోనైనా వాదిస్తాను.

18 అడుగుల కత్తి

రెండో సినిమా ‘ద పిట్ అండ్ ద పెండ్యులమ్’ (1961). పో కథలో ఉన్నదల్లా చీకటి కొట్టులో ఒక ఖైదీ, ఒక గొయ్యి, పైనుంచి ఊగుతూ దిగే కత్తి. దీంతో గంటన్నర సినిమా ఎలా? స్క్రిప్టు రచయిత మాథెసన్ కథను తీసుకెళ్లి క్లైమాక్సులో పెట్టి, దానికి ముందు జరిగినదంతా తన బుర్రలోంచి అల్లాడు. స్పెయిన్‌లో ఒక కోట, చచ్చిపోయిన భార్య, ఆమె సజీవంగా సమాధి అయిందేమోనని కుమిలే భర్త.

ఆ పెండ్యులమ్ పొడవు 18 అడుగులు, బరువు టన్నుకు పైమాటే. కత్తి అంచు ముందు రబ్బరుతో చేశారు. అది కింద పడుకున్న నటుడు జాన్ కెర్ ఛాతీకి అంటుకుని ఆగిపోతోంది. దాంతో లోహపు పూత ఉన్న అంచు బిగించాల్సి వచ్చింది. కత్తి ఆనే చోట కెర్ నడుముకు స్టీలు పట్టీ కట్టారు. తెరమీద అతని నుదుటి మీద కనిపించే చెమటలో నటన ఎంతో, నిజం ఎంతో! కత్తి ఒక్కో ఊపుకూ ఒక్కో అంగుళం దిగుతుంటే కెమెరా ముఖం మీదికి, మళ్లీ కత్తి మీదికి వెళుతుంది. నెత్తురు దాదాపు లేనట్టే. ఇప్పటి లక్షల డాలర్ల గ్రాఫిక్స్ చూసిన కళ్లతో చూసినా కాళ్లు ముడుచుకుంటాయి.

పేరు పోది, కథ ఇంకొకరిది

‘రావెన్’ పద్యంలో సరిగ్గా 108 పాదాలున్నాయి. అందులో కథ అంటూ ఉన్నది గదిలోకి వచ్చిన ఒక బొంతకాకి. సినిమాలో ఆ కాకి నటుడు పీటర్ లోరీగా మారుతుంది, ఇద్దరు మాంత్రికులు కుర్చీల్లో కూర్చుని మంత్రాలు విసురుకుంటారు. అంతకుముందు ‘టేల్స్ ఆఫ్ టెర్రర్’ (1962)లో ప్రైస్, లోరీ ద్రాక్షసారా రుచుల పోటీ పడే ఘట్టానికి జనం పగలబడి నవ్వడం చూసి, ఏకంగా హాస్యమే తీసేశారు. కార్లాఫ్ 1935లోనూ ‘ద రావెన్’ అనే సినిమాలో నటించాడు. ఒకే పేరుతో 28 ఏళ్ల తేడాతో రెండు సినిమాలు, రెండూ వేర్వేరు కథలు.

‘ద హాంటెడ్ ప్యాలెస్’ (1963) ఇంకా చిత్రం. పేరు పో పద్యానిది, కథ హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ నవలది. అమ్ముడుపోయే పేరు పోది కాబట్టి కంపెనీ అది తగిలించింది. 1968లో మైఖేల్ రీవ్స్ ఇంగ్లండ్‌లో తీసిన ‘విచ్‌ఫైండర్ జనరల్’కు అమెరికాలో ‘ద కాంకరర్ వర్మ్’ అని ఇంకో పో పద్యం పేరు పెట్టారు. ఆ సినిమాకు పోతో ఏ చుట్టరికమూ లేదు.

ప్రైస్ లేని ఒకే ఒక్కటి

ఎనిమిదింట ఏడింటిలో విన్సెంట్ ప్రైస్ హీరో. లేనిది ‘ప్రీమెచ్యూర్ బరియల్’ (1962). లెక్కల దగ్గర కంపెనీతో మాట తేడా వచ్చి కోర్మన్ ఆ సినిమాను పతే ల్యాబ్ డబ్బుతో మొదలుపెట్టాడు. ప్రైస్‌కు పాత కంపెనీతో ఒప్పందం ఉంది. అందుకని ఆస్కార్ అందుకున్న రే మిలాండ్‌ను తీసుకున్నాడు. మొదటిరోజు షూటింగుకు ఆర్కాఫ్, నికల్సన్ నవ్వుతూ వచ్చి శుభాకాంక్షలు చెప్పారు. ఎందుకంటే పతే వాటాను వాళ్లే కొనేశారు! మిలాండ్ మంచి నటుడే. కానీ భయపడేవాడి మీద మనకు జాలి కలగాలంటే ప్రైసే కావాలి.

అన్నిటికంటే ఖరీదైనదిగా కనిపించేది

‘ద మాస్క్ ఆఫ్ ద రెడ్ డెత్’ (1964)ను అషర్ తర్వాతే తీద్దామనుకున్నాడు కోర్మన్. బెర్గ్‌మన్ ‘సెవెంత్ సీల్’కు నకలు అంటారేమోనని ఆగాడు. చివరికి ఇంగ్లండ్‌లో తీశాడు, 5 వారాలు పట్టింది. ‘బెకెట్’ అనే భారీ చిత్రం కోసం వేసిన సెట్ల ముక్కలు అక్కడ దొరికాయి. కెమెరా నికొలస్ రోగ్. పో కథలో ఒక్కో రంగుతో ఏడు గదులుంటాయి, సినిమాలో పసుపు, ఊదా, తెలుపు, నలుపు వరసగా వస్తాయి. ఒక పాత్ర గది నుంచి గదికి నడుస్తుంటే కెమెరా ఆగకుండా వెంట వెళ్లే ఆ షాటు కోసమే ఈ సినిమా మళ్లీ మళ్లీ చూడవచ్చు. నా వరకు ఎనిమిదింటిలో శిఖరం ఇదే.

ఆఖరిది ‘ద టూంబ్ ఆఫ్ లైజియా’. కోర్మన్ తన నియమాన్ని తనే పక్కనపెట్టి ఎండలోకి వచ్చాడు. నార్ఫోక్‌లోని క్యాజిల్ ఏకర్ మఠం శిథిలాల మధ్య పచ్చిక మీద తీశాడు. స్క్రిప్టు రాసిన రాబర్ట్ టౌన్ పదేళ్లకు ‘చైనాటౌన్’ రాసి ఆస్కార్ అందుకున్నాడు. అందులో హీరో ‘రావెన్’లో చిన్న వేషం వేసిన జాక్ నికల్సన్. ఈ సినిమాల్లో అతి ఎక్కువ వాటికి కెమెరా పట్టిన ఫ్లాయిడ్ క్రాస్బీ మాత్రం ఆస్కార్‌ను ముందే, ‘టబూ’కు గెలిచి ఇక్కడికి వచ్చాడు. కోర్మన్‌కు గౌరవ ఆస్కార్ 2009లో ఇచ్చారు. 2024లో 98 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

చూసేవాళ్లకు

వెడల్పు తగ్గించిన పాత టీవీ కాపీలు వద్దు. క్రాస్బీ ఫ్రేములో దాదాపు సగం అందులో ఎగిరిపోతుంది, గది మూలలో ఒంటరిగా నిలబడ్డ మనిషి గది లేకుండా మిగులుతాడు. ముందు ‘పిట్’ చూడండి, తర్వాత ‘అషర్’, ఆపైన ‘రెడ్ డెత్’. నవ్వుకోవాలనుంటే ‘రావెన్’.

ప్రైస్ గొంతు మాత్రం చాలామంది ఇప్పటికే వినే ఉంటారు. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’లో శవాలు లేచేటప్పుడు వినబడే మాటలూ, ఆ చివరి నవ్వూ ఆయనవే. 1985లో ‘దొంగ’లో చిరంజీవి ‘గోలీమార్’ పాట ఆ వీడియోను చూసి తీసిందే.