చంకలో పిల్లాడు, కడుపులో పాపాయి



ఏలూరు బస్సుస్టాండులో కైకలూరు బస్సు కోసం ఓ పావుగంట నిలబడి చూడండి. ఏడో నెలో ఎనిమిదో నెలో ఉన్న తల్లి ఒక చేత్తో సంచీ పట్టుకుని, చంకలో రెండేళ్ళ పిల్లాణ్ణి వేసుకుని, జనాన్ని తోసుకుంటూ బస్సెక్కుతూ కనిపిస్తుంది. పక్కనున్న పెద్దావిడ "అదేమిటమ్మా, నీళ్ళాడే రోజులు దగ్గర పడుతుంటే అంత పిల్లాణ్ణి మోస్తావా?" అని కేకలేస్తుంది. ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంటుంది. ఏం చెబుతుంది? దింపితే వాడు ఏడుస్తాడు. ఎత్తుకుంటే నడుం పడిపోతోంది. అందుకునేందుకు వేరే మనిషి లేదు. ఇవాళ ఆ సంగతే మాట్లాడుకుందాం.

ముందుగా ఒక భయం తీరాలి. గర్భం మామూలుగా, ఏ ఇబ్బందీ లేకుండా సాగుతున్నప్పుడు, అప్పుడప్పుడు పిల్లాణ్ణి ఎత్తుకున్నంత మాత్రాన గర్భం పోదు. మొదటి మూడు నెలల్లో గర్భం పోవడానికి చాలాసార్లు కారణం పిండంలోని క్రోమోజోముల లోపమే. "ఆ రోజు పెద్దాణ్ణి ఎత్తుకున్నావు, అందుకే ఇలా అయింది" అని కోడల్ని ఆడిపోసుకోవడం న్యాయం కాదు. తనని తానే తిట్టుకుని కుమిలిపోవడం అంతకంటే అన్యాయం.

అయితే భయం లేదు కదా అని ఎలా పడితే అలా ఎత్తుకోవచ్చా? అదీ కాదు. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో ఊరే హార్మోనుల వల్ల, కీళ్ళకి కట్టు కట్టినట్టుండే పట్టీలు కాస్త వదులవుతాయి. కాన్పుకి కటి ఎముకలు సిద్ధం కావడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు అది. పొట్ట ముందుకి పెరిగే కొద్దీ ఒంటి బరువంతా ముందుకి లాగుతుంది, నడుం వెనక్కి వంగుతుంది. అంచేత నడుంనొప్పి వస్తుంది, కాలు తడబడుతుంది. అసలు ప్రమాదం బరువుకంటే పడిపోవడంలోనే ఉంది.

బరువు మాటకొస్తే, ఏడాది పిల్ల సుమారు 9 కిలోలు, రెండేళ్ళ పిల్ల 12 కిలోలు, మూడేళ్ళ పిల్ల 14 కిలోలు ఉంటుంది. అమెరికాలో పనిచేసే స్త్రీల కోసం పరిశోధకులు 2013లో కొన్ని హద్దులు సూచించారు. ఆరోగ్యంగా ఉన్న గర్భిణి అప్పుడప్పుడు ఎత్తే బరువు, 20 వారాల లోపు 16 కిలోలు, ఆ తరవాత 12 కిలోలు దాటకూడదన్నారు. రోజంతా ఎత్తి దించే పనైతే 8 కిలోలు, 6 కిలోలు చాలన్నారు. అదీ ఒంటికి ఆనించి పట్టుకున్న బరువు, నేల మీంచి ఎత్తనిది. మన పిల్లాడు పెట్టె కాదు కదా! గింజుకుంటాడు, వెనక్కి వాలతాడు. కాబట్టి 5 నెలలు దాటాక రెండేళ్ళవాణ్ణి ఎత్తుకోవడం ఎంత తగ్గిస్తే అంత మంచిది.

తప్పనిసరై ఎత్తుకోవలసి వస్తే ఇలా చెయ్యండి. పాదాలు కాస్త ఎడంగా, ఒకటి ముందుకి పెట్టి నిలబడండి. నడుం వంచకుండా మోకాళ్ళు వంచండి. పిల్లాణ్ణి గుండెకి ఆనించుకున్న తరవాతే, ఊపిరి బిగబట్టకుండా మెల్లగా వదులుతూ, తొడల బలంతో లేవండి. ఎత్తుకుని నడుం తిప్పకూడదు, పాదాలే తిప్పాలి. ఎప్పుడూ ఒకే చంకన వేసుకోకుండా అటూ ఇటూ మార్చండి.

అంతకంటే తేలిక దారి ఒకటుంది. వాణ్ణే ఎక్కనివ్వండి. అరుగో మంచమో ఎక్కి నిలబడితే అక్కణ్ణుంచి తీసుకోవడం నేల మీంచి ఎత్తడం కంటే ఎంతో నయం. చీర ఉయ్యాల నేలకి తగిలేలా కట్టకండి. పీట మీద కూర్చుని చేతులకి అందుకునే ఎత్తులో కట్టించుకోండి. పెద్దాణ్ణి కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పొయ్యడం మాని, వాణ్ణి నేల మీద నిలబెట్టి, మీరు స్టూలు మీద కూర్చుని పొయ్యండి.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకమైన జాగ్రత్తలు. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు నీళ్ళతో కొల్లేరు నిండిందంటే లంక ఊళ్ళవాళ్ళకి పడవ ప్రయాణం తప్పదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడని ముంచి, ఆ నీళ్ళన్నీ కొల్లేటికే చేరాయి. దోనె ఎక్కేటప్పుడు పిల్లాణ్ణి చంకన వేసుకుని కాలు పెట్టకండి. తోడొచ్చినవాళ్ళు ముందెక్కి కుదురుగా కూర్చున్నాక మీరు చెయ్యి పట్టుకుని ఎక్కి కూర్చోండి, ఆ తరవాత గట్టు మీదున్నవాళ్ళు పిల్లాణ్ణి అందించాలి. తాడేపల్లిగూడెం స్టేషన్లో రైలెక్కేటప్పుడూ అంతే, పిల్లాడు తోడున్నవాళ్ళ చేతిలో ఉండాలి. చెరువు గట్టు తడిసి ఉన్నా, రేవు మెట్లు పాచిపట్టి ఉన్నా, చంకలో పిల్లా నెత్తిన బిందే రెండూ వద్దు. బిందె మళ్ళీ వచ్చి తెచ్చుకోవచ్చు.

పిల్లాడు ఒళ్ళో ఆడుకుంటూ పొట్టకి కాలు తగిలించాడని కంగారు పడకండి. లోపల ఉమ్మనీరు పాపాయికి పరుపులాంటిది. కానీ కాలు జారి పడినా, పొట్టకి గట్టి దెబ్బ తగిలినా, బాగానే ఉన్నాననిపించినా సరే, ఆ రోజే డాక్టరుకి చూపించుకోవాలి.

కొందరు మాత్రం డాక్టరు సరేననే దాకా అసలు ఎత్తుకోకూడదు. రక్తం కనిపించినవాళ్ళు, మాయ కిందికి ఉందని స్కానింగులో తేలినవాళ్ళు, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేయించుకున్నవాళ్ళు, ఇదివరలో నెలలు నిండకుండా కాన్పయినవాళ్ళు, కవలలున్నవాళ్ళు, రక్తపోటు ఎక్కువగా ఉన్నవాళ్ళు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా పరీక్షలు చేస్తారు, 2016 నుంచి జరుగుతున్న ఏర్పాటిది. "ఇంట్లో ఇంత బరువు పిల్లాడున్నాడు, ఎత్తుకోవచ్చా?" అని అక్కడ నోరు తెరిచి అడగండి. ఎత్తుకున్న తరవాత పొట్ట మాటిమాటికీ బిగుసుకుంటున్నా, నీరు పోయినా, రక్తం కనిపించినా, కడుపులో కదలిక తగ్గినా ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోను చెయ్యండి.

సిజేరియన్ అయినవాళ్ళకి ఇంకో మాట. ఆపరేషన్ తరవాత దాదాపు ఆరు వారాలు చంటిపాప బరువుకి మించి ఏదీ ఎత్తవద్దంటారు. పెద్దపిల్ల పని అప్పుడు ఎవరు చూస్తారన్నది కాన్పుకి ముందే ఇంట్లో అనుకోవాలి.

చివరిగా ఆ పిల్లాడి సంగతి. తల్లి నీళ్ళోసుకుంటే ఎడపిల్లకి పేచీ ఎక్కువంటారు మన పెద్దవాళ్ళు. నిన్నటిదాకా చంక దిగనివాణ్ణి ఇవాళ "దిగు, దిగు" అని నెట్టేస్తే వాడికేం తెలుస్తుంది? కడుపులో వచ్చేవాడి మీద కోపం పెట్టుకుంటాడు. వాడికి కావలసింది మీ చంక కాదు, మీ ఒడి. "అమ్మ కూర్చుంటుంది, నువ్వొచ్చి ఎక్కు" అనండి. రోజుకి నాలుగుసార్లు గోడకి ఆనుకుని కూర్చుని, కడుపునిండా ముద్దు చేసి వదలండి. ఎత్తుకోవడం తగ్గినా ముద్దు తగ్గలేదని వాడే గ్రహిస్తాడు.

ఇంట్లో మగవాళ్ళు కూడా ఈ మాటలు వింటే బాగుంటుంది. "ఎత్తుకోవద్దు" అని భార్యకి చెప్పడం తేలిక. ఆ చేతుల్లోంచి పిల్లాణ్ణి అందుకోవడమే అసలైన సాయం. సాయంత్రం ఇంటికి రాగానే వాణ్ణి భుజానికెత్తుకుని చెరువు గట్టు దాకా తిప్పుకు రండి. ఆ అరగంట ఆమె నడుం వాలుస్తుంది.