కాలికి ముల్లు గుచ్చుకుంటే ఒంట్లో ఏం జరుగుతుంది?

తుమ్మముల్లు గుచ్చుకోని కాలు పల్లెలో ఉండదు. ముల్లు పీకేస్తారు, పనిలో పడతారు. తెల్లారేసరికి ఆ చోటు ఎర్రబడుతుంది. వాస్తుంది. సలుపుతుంది. రెండు మూడు రోజులకు చీము పడుతుంది. ముల్లు విషం ఎక్కింది అంటారు.

ఆ వాపు ముల్లు విషం కాదు. మన ఒళ్ళు చేస్తున్న పని అది.

చర్మం ఒంటికి కంచె లాంటిది. ముల్లు దిగితే కంచెకు కంత పడినట్టే. మట్టిలోని క్రిములు అందులోంచి లోపలికి దూరతాయి. ఇవి కంటికి కనబడవు.

చర్మం కింద కాపలా కణాలు ఉంటాయి. కణం అంటే ఏమిటి? ఇల్లు ఇటుకలతో కట్టినట్టు ఒళ్ళు కణాలతో కట్టి ఉంది. క్రిముల పైపొర మీద కొన్ని గుర్తులు ఉంటాయి. మన సొంత కణాలకు అవి ఉండవు. ఆ గుర్తులను పట్టే కొక్కేల్లాంటివి కాపలా కణాల మీద ఉంటాయి. గుర్తు కొక్కేనికి తగిలిందా, కాపలా మేలుకుంటుంది. ఇది పుట్టుకతో వచ్చే రక్షణ. టీకాతో వచ్చేది వేరు, అది ఒంటికి నేర్పిన విద్య.

ఈ రక్షణ ఈగలకు కూడా ఉంది! పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో ఒక కొక్కెం పనిచేయకపోతే అవి బూజు తెగులుతో చచ్చిపోతాయని 1996లో ఫ్రాన్సులో జూల్స్ హాఫ్‌మన్ బృందం చూపింది. 2011లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

మేలుకున్న కణం కొన్ని రసాయనాలు వదులుతుంది. ఊళ్ళో దొంగ పడితే కేక వేసినట్టు. దాంతో అక్కడి రక్తనాళాలు వెడల్పవుతాయి. రక్తం ఎక్కువగా వస్తుంది. అందుకే ఎరుపు, వేడి. నాళాల్లోంచి నీరు ఊరుతుంది. అందుకే వాపు. తెల్లకణాలు నాళం గోడల సందుల్లోంచి బయటికి వచ్చి క్రిములను మింగుతాయి. మన ఎముకల మూలుగలో రోజుకు సుమారు 10 వేల కోట్ల తెల్లకణాలు పుడతాయి. పోరులో చచ్చిన కణాలే చీము.

దీన్ని కళ్ళారా చూసినవాడు ఇల్యా మెచ్నికోవ్. 1882లో ఇటలీలోని మెస్సీనాలో సముద్ర నక్షత్రం పిల్లల ఒంట్లో గులాబీ ముళ్ళు గుచ్చాడు. ఆ పిల్లలు గాజులా ఉంటాయి, లోపల జరిగేది కనబడుతుంది. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. 1908లో ఆయనకూ నోబెల్ బహుమతి వచ్చింది.

కేక వేస్తే సరిపోదు. పని అయ్యాక ఆపాలి కూడా. లేకపోతే కాపలావాళ్ళే ఇల్లు పాడుచేస్తారు. అందుకే ఈ తెల్లకణాలకు ఆయుష్షు తక్కువ. చచ్చినవాటిని పెద్ద కణాలు మింగి, ఇక చాలు అనే రసాయనాలు వదులుతాయి. మూత్రపిండాల మీద ఉండే చిన్న గ్రంథులు కూడా వాపును అణిచే కార్టిసాల్ అనే రసాయనం తయారుచేస్తాయి. వాపు తీస్తుంది, కొత్త చర్మం వస్తుంది.

ఒక్కోసారి ఈ ఆపడం కుదరదు. కేక ఒళ్ళంతా పాకుతుంది. అన్ని చోట్లా నాళాలు వెడల్పయి రక్తపోటు పడిపోతుంది. మూత్రపిండాలు దెబ్బతింటాయి. దీన్ని సెప్సిస్ అంటారు. ప్రాణాలు పోతాయి. పుండు నుంచి కాలి పైకి ఎర్రని చార పాకినా, గజ్జల్లో బిళ్ళ కట్టి చలిజ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ఆయాసం వచ్చినా, మాట తడబడినా, మూత్రం తగ్గినా గంట కూడా ఆగొద్దు.

కొందరు వాపు తగ్గడానికి స్టెరాయిడ్ మందు అడిగి మరీ వేయించుకుంటారు. అది కార్టిసాల్ లాంటిదే. వాపు తగ్గుతుంది, క్రిములు మాత్రం అక్కడే ఉంటాయి. కాపలా నిద్రపోయింది, అంతే. వేరే జబ్బుకు డాక్టరు రాసి ఇచ్చినవాళ్ళు మాత్రం దాన్ని సొంతంగా మానకూడదు.

ముల్లు దిగిన చోటును సబ్బుతో, మంచినీళ్ళతో కడగాలి. పేడ, మట్టి, సున్నం పెట్టొద్దు. పేడలో, మట్టిలో ధనుర్వాతం క్రిములుంటాయి. వాటి విషాన్ని పుట్టుకతో వచ్చిన కాపలా ఆపలేదు. దానికి టీకా ఉండాల్సిందే.

చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు కాలు మొద్దుబారి ముల్లు దిగిన సంగతే తెలియకపోవచ్చు. వాళ్ళ తెల్లకణాలు కూడా చురుగ్గా పనిచేయవు. వాళ్ళు రోజూ పడుకునే ముందు అరికాళ్ళు చూసుకోవాలి. కంటికి ఆనకపోతే మనవణ్ణో మనవరాలినో పిలిచి చూపించుకోవాలి.