లోపలంతా ఐసే

కొండ అంటే మనకు రాయి. పెరగదు, కరగదు. కానీ కెనడా ఉత్తరపు అంచున, మెకెంజీ నది ఆర్కిటిక్ సముద్రంలో కలిసే చోట, లోపల రాయి కాకుండా ఐసు ఉండే గుట్టలున్నాయి. వాటి పేరు పింగోలు. అక్కడి ఇనువియాలుయిట్ ప్రజల మాట అది. టుక్టోయాక్టుక్ అనే చిన్న ఊరి చుట్టుపక్కల ఇవి 1,300కి పైనే. చెట్టు కనబడని చదును నేల, లెక్కలేనన్ని చెరువులు, మధ్యలో ఈ గుట్టలు. వేటకెళ్లేవాళ్లకి తరతరాలుగా దారి గుర్తులు ఇవే.

ఇవి పుట్టే పద్ధతి నాకు భలే నచ్చింది. అక్కడ నేల వందల మీటర్ల లోతు దాకా ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. దాన్నే పర్మాఫ్రాస్ట్ అంటారు. లోతైన చెరువు కింద మాత్రం ఇసుక గడ్డకట్టదు, పైనున్న నీళ్లే దానికి దుప్పటి. ఏదో ఒకరోజు గట్టు తెగి చెరువు ఖాళీ అవుతుంది. ఇక చలి పైనుంచీ పక్కలనుంచీ ఆ ఇసుకలోకి దిగుతుంది. ఫ్రీజర్‌లో నిండు బాటిల్ పెడితే పగులుతుంది కదా, ఐసుకి నీటికంటే సుమారు 9 శాతం ఎక్కువ చోటు కావాలి. ఇక్కడా అదే గొడవ. ఇరుక్కుపోయిన నీళ్లు పాత చెరువు అడుగునే పైకి నెట్టి, అక్కడే గడ్డకడతాయి. పైన మట్టీ గడ్డీ, లోపల ఐసు ముద్ద.

వీటిలో పెద్దది ఇబ్యుక్. ఎత్తు 49 మీటర్లు, వయసు కనీసం 1,000 ఏళ్లు. ఇంకా ఏడాదికి 2 సెంటీమీటర్లు పెరుగుతూనే ఉంది!

రాస్ మెకే అనే భూగోళ శాస్త్రవేత్త 1978లో ఏకంగా ఒక చెరువునే ఖాళీ చేయించి, దాని అడుగు ఎలా గడ్డకడుతుందో ఏళ్ల తరబడి కొలిచారు. కోడ్ రన్ అవడానికి రెండు నిమిషాలు ఆగలేని మనకి ఆ ఓపిక ఊహకందదు.

పైమట్టి పగిలి ఐసు బయటపడితే మాత్రం పింగో పని అయిపోయినట్టే. కరిగి, కూలి, మళ్లీ మడుగవుతుంది. నేల అంతా ఇలాంటిదే కాబట్టి, 2017 నవంబరులో తెరిచిన ఇనువిక్–టుక్టోయాక్టుక్ రోడ్డును మట్టి తవ్వకుండా వేశారు. గడ్డకట్టిన నేల మీద గుడ్డలాంటి పొర పరిచి, దానిపై కంకర పోశారు, అదీ ఎక్కువగా చలికాలంలోనే.

ఊరి సంగతి అంత తేలిక కాదు. ఒడ్డు కూడా ఐసు కలిసిన మట్టే. వేడి పెరిగి సముద్రం మీద ఐసు తగ్గేకొద్దీ అలలు నేరుగా దాన్ని కోస్తున్నాయి. ఒడ్డున ఉన్న కొన్ని ఇళ్లను ఇప్పటికే ఊరి లోపలికి జరిపారు.